గురుదేవుని పాటల పాఠశాల

బిడ్డలకు పాట యెందులకు, నాటకమెందులకు, నాట్యమెందులకు అను ప్రశ్న నేటిది కాదు. పరీక్షలో మార్కులు తేని విద్య విద్యయే కాదని తలచు తల్లిదండ్రులు ఆనాడును ఉండిరి, ఈనాడును ఉన్నారు. పాఠశాల వార్షికోత్సవము నాడు ఒక పూట పాట పాడించి, ఒక నాటకము వేయించి, మఱునాటి నుండి యథాప్రకారముగా పుస్తకము చేతబట్టించినచో తమ విధి తీరినదని తలచు ఉపాధ్యాయులును కలరు. పాటను అన్నము వలె, గాలి వలె దినదినము బిడ్డల కందింపవలెనని నమ్మి, ఆ నమ్మకము కొఱకు ఇల్లాలి నగలను, తన యింటిని, తుదకు వార్ధకమున దక్కవలసిన విశ్రాంతిని సైతము వెచ్చించిన మహనీయుడు రవీంద్రనాథ ఠాగూరు. కవిగా ఆయనను లోకమంతయు ఎఱుగును. బడిపంతులుగా ఆయన పడిన పాట్లను ఎఱిగినవారు తక్కువ.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తా నగరమున జొరాసంకో భవనమున జన్మించెను. తండ్రి మహర్షియని పేరందిన దేవేంద్రనాథుడు, తల్లి శారదాదేవి. పదిమందికి పైబడిన సంతానములో బ్రదికి యున్నవారిలో ఆయనయే కడగొట్టు బిడ్డ. భాగ్యవంతుల యిల్లగుటచే బాలుని మంచి బడులకే పంపిరి. ఒకటి విడిచి ఒకటిగా నాలుగు బడులు మారినను ఆతని మనస్సు ఒక్కదాని యందును నిలువలేదు.

వానిలో నార్మల్ స్కూలు అనునది యొకటి. అచ్చట పాఠములు ప్రారంభించుటకు ముందు పిల్లల నందఱను మెట్లబల్లలపై వరుసగా కూర్చుండబెట్టి ఒక ఆంగ్లగీతమును ముక్తకంఠముతో పాడించెడివారు. దాని భావము పిల్లలలో నొక్కనికిని తెలియదు. పలికి పలికి ఆ మాటల రూపమే మాఱిపోయినది. పెద్దవాడైన పిమ్మట రవీంద్రుడు ఆ వింత శబ్దములను జ్ఞప్తికి దెచ్చుకొని, వాని మూలమేదియో ఊహింప యత్నించెను. అది సంతోషముతో పాడుటను గూర్చిన పాట యని ఆయనకు తోచినది. సంతోషమను మాటను సంతోషలేశము లేకుండ అప్పగింపించిన ఆ బడి ఆయనకు జీవితాంతము మఱపునకు రాలేదు. పదునాలుగేండ్ల ప్రాయమున ఆయన బడికి స్వస్తి చెప్పెను.

బడిలో దొరకని విద్య ఇంటిలో దొరకినది. విష్ణు చక్రవర్తి యను గాయకుడు ఆ యింటి పిల్లలకు సంగీతగురువు. ఆయన తొలుతనే స్వరపల్లవులతో బాలురను బెదరగొట్టక, పల్లెటూళ్ళలో పిల్లలు పాడుకొను చిట్టిపొట్టి పాటలకు రాగములు కట్టి నేర్పెను. శ్రీకంఠసింహుడను వృద్ధుడొకడు సితారు చేతబూని వచ్చి, పాడి పాడి బాలునిచేత పాడించెడివాడు. జదుభట్టు అను మహావిద్వాంసుడు శాస్త్రీయముగా నేర్పుటకు పూనుకొన్నను, రవీంద్రుడు ఎదుట కూర్చుండి నేర్చుటకు ఒడంబడక, చాటున విని తనకు వలసినదానిని పట్టుకొనెను. అన్న జ్యోతిరింద్రనాథుడు పియానో మీద క్రొత్త క్రొత్త వరుసలు వాయించుచుండగా, ప్రక్కన కూర్చుండి తమ్ముడు వానికి మాటలు పొదుగుచుండెను.

ఇంగ్లండు నుండి తిరిగివచ్చిన పిమ్మట, ఇరువది యేండ్లు నిండకమునుపే, 1881లో ఆయన వాల్మీకి ప్రతిభ యను గేయనాటకమును రచించి, ఇంటివారితోనే ప్రదర్శించి, తాను వాల్మీకి వేషము ధరించెను. అన్న కూతురు ప్రతిభ సరస్వతిగా నటించెను. కులీనుల యింటి కన్య పదుగురి యెదుట రంగమెక్కుట ఆనాటి వంగదేశమున సామాన్యమగు సంగతి కాదు. ఈ సాహసము నలువదేండ్లకు పైబడిన పిదప ఆయన బడిలో మఱల తలయెత్తినది.

1883లో ఆయనకు మృణాళినీదేవితో వివాహమైనది. కొంతకాలమునకు తండ్రి యాజ్ఞ మేరకు జమీందారీ వ్యవహారములు చూచుటకై పద్మానదీతీరమున షిలైదా గ్రామమున నివసించెను. ఏకతార మీటుచు ఊరూర తిరుగు బావుల్ గాయకుల పాటలను అచ్చట విని, వానిలోని తేటదనమునకు మురిసెను. తన బిడ్డలకు తానే చదువు చెప్పుచు, ఇట్టి విద్య తన బిడ్డలకు మాత్రమే చాలునా యని ఆలోచింపసాగెను.

బోల్పూరు సమీపమున 1863లో దేవేంద్రనాథుడు ధ్యానము కొఱకు తీసికొన్న ఇరువది బీఘాల బయలు శాంతినికేతనము. 1901 డిసెంబరు 22వ తేదీన రవీంద్రుడు అచ్చట బ్రహ్మచర్యాశ్రమమను పేర బడి తెఱచెను. విద్యార్థులు ఐదుగురు, వారిలో నొకడు ఆయన పెద్దకుమారుడు రథీంద్రనాథుడు. తరగతులు చెట్ల నీడను జరిగెడివి. బెత్తమునకు చోటు లేదు. తొలినాళ్ళలో పిల్లలయొద్ద జీతము పుచ్చుకొనక పోవుటచే బడి నడచుట దుర్ఘటమైనది. మృణాళినీదేవి తన నగలను ఒక్కటొక్కటిగా ఇచ్చివేసెను. పూరీలోని యిల్లు అమ్ముడుపోయెను.

ధనకష్టముతో పాటు ఇంట మరణములును వెంట వెంట వచ్చినవి. బడి పెట్టి యేడాదియైనను నిండకమునుపే, 1902 నవంబరు 23వ తేదీన, పిల్లలకు తల్లివలె వండిపెట్టిన మృణాళినీదేవి కన్నుమూసెను. 1903లో రెండవ కుమార్తె రేణుక మరణించెను. 1905లో తండ్రి పోయెను. ఇట్టివేళ బడి మూతబడినను ఆయనను తప్పుబట్టువారు లేకుందురు. బడి మూతబడలేదు.

కడగొట్టు కొడుకు శమీంద్రనాథుడు తండ్రి పోలిక. పాటయన్నను పద్యమన్నను వానికి ప్రాణము. 1907 ఆరంభమున శ్రీపంచమి నాడు ఆ బాలుడు తోటి పిల్లలను కూడగట్టి, ఒకడు వసంతముగను, ఒకడు వర్షముగను వేషములు ధరింప, ఋతువుల పండుగ యొకటి జరిపించెను. పెద్దలెవ్వరును చెప్పి చేయించినది కాదు. బిడ్డల యాటగా పుట్టినది. ఆ యేడు నవంబరులో సెలవులకు మిత్రునితో కలసి ముంగేరు వెళ్ళిన శమీంద్రునకు విషూచి సోకినది. తల్లి పోయిన తేదీననే, నవంబరు 23న, పదునొకండవ యేట నున్న ఆ బాలుడు ప్రాణములు విడిచెను. కొడుకు ప్రారంభించిన పండుగను తండ్రి ఆపలేదు. మఱుసటి యేడు క్షితిమోహన సేనుగారి పూనికతో వర్షోత్సవము జరిగెను. శరత్కాలమునకై రవీంద్రుడు స్వయముగా శారదోత్సవమను నాటకమును వ్రాసెను. నేటికిని శాంతినికేతనమునకు వన్నె తెచ్చుచున్న ఋతూత్సవములకు మూలము ఆ పసివాని యాటయే.

శారదోత్సవము బడిపిల్లల కొఱకే పుట్టిన నాటకము. ఆనాడు బడిలో మగపిల్లలే మిక్కుటము గనుక అందు స్త్రీపాత్ర లేదు. పెద్ద తెరలు, ఖరీదైన దుస్తులు అక్కఱలేదు. శరదృతువు సెలవులలో పిల్లలు ఏటియొడ్డున ఆడి పాడుచుందురు. వారితో ఒక తాతగారు కలియును. ఉపనందుడను అనాథబాలుడు మాత్రము ఆటకు రాక, చనిపోయిన తన గురువు చేసిన ఋణము తీర్చుటకై తాళపత్రములు నకలు వ్రాయుచుండును. మాఱువేషమున వచ్చిన రాజు ఆ బాలుని చెంత కూర్చుండి తానును వ్రాతకు పూనుకొనును. ప్రేమతో తీర్చు ఋణము కూడ పండుగయే యను భావము ఉపన్యాసము లేకయే పిల్లల మనస్సునకు ఎక్కును. నీతిని పాఠముగా అప్పగింపించుట వేఱు, నీతిగల పాత్రలో పిల్లవానిని ప్రవేశపెట్టుట వేఱు. ఈ భేదమును గుర్తించుటయే రవీంద్రుని బోధనాపద్ధతికి మూలము.

ఆ బడి దినచర్యలో పాటకు నియతమైన స్థానముండెను. తెల్లవాఱుజామున పిల్లలు బృందముగా ఏర్పడి పాడుచు ఆశ్రమము చుట్టివచ్చి తోటివారిని మేల్కొలుపుదురు. దీనికి వైతాళికమని పేరు. పాటతోనే దినము ముగియును. గొంతు బాగున్నవారు పాడవలెను, తక్కినవారు వినవలెనను నియమము లేదు, అందఱును పాడవలసినదే. విద్వాంసులను తయారు చేయుట ఆయన మొదటి యుద్దేశము కాదు. పాట నెఱిగిన మనుష్యులను తయారు చేయవలెనని ఆయన కోరిక.

ఈ కార్యమున ఆయనకు కుడిభుజమైనవాడు దినేంద్రనాథ ఠాగూరు. పెద్దన్న ద్విజేంద్రనాథుని మనుమడు. రవీంద్రునకు పాట కట్టుట ఎంత సులభమో, కట్టిన వరుసను మఱచుటయు అంత సులభము. క్రొత్త పాట పుట్టినంతనే దినేంద్రునకు కబురు పోవును. అతడు వచ్చి విని, వెంటనే కంఠస్థము చేసి, స్వరములు వ్రాసి, ఆ సాయంకాలమే పిల్లలకు నేర్పును. రవీంద్రుడు రచించిన పాటలు రెండువేలకు పైబడినవి. వానిలో ఎన్నియో ఆ పిల్లల గొంతులలో మొదట నిలిచి, అటు పిమ్మట దేశమున వ్యాపించినవి. ఫాల్గుణి యను నాటకమును కవి దినేంద్రునకే అంకితము చేసెను.

ఆ ఫాల్గుణి నాటకమునే 1916 జనవరిలో కలకత్తాలో బాంకుడా క్షామబాధితుల సహాయార్థము ప్రదర్శించిరి. గ్రుడ్డి బావుల్ పాత్రను కవియే ధరించెను. బడిలో నేర్చిన పాట ఆకలిగొన్నవారికి అన్నమైనదని విద్యార్థులు కన్నులార చూచిరి. 1913లో ఆయనకు నోబెల్ బహుమానము లభింపగా, ఆ ధనమును పతిసర గ్రామమున రైతులకు అప్పులిచ్చు బ్యాంకులో నుంచి, వడ్డీని బడికి వినియోగించెను. రైతునకును, విద్యార్థికిని ఒక్క సొమ్మే అక్కఱకు వచ్చు ఉపాయము ఆయనది.

తెలుగుసీమకును ఈ కథకును సంబంధము కలదు. 1919 ఫిబ్రవరి చివర రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలయందు కొన్నాళ్ళు విశ్రమించెను. అచ్చట విద్యార్థుల గోష్ఠిలో ఆయన జనగణమన గీతమును పాడగా, పిల్లలు పల్లవిని అందుకొనిరి. ప్రధానోపాధ్యాయుడు జేమ్సు కజిన్సు భార్య మార్గరెట్టు, సంగీతము నెఱిగిన విదుషీమణి, ఆ గీతమునకు స్వరములు వ్రాసి స్థిరపఱచుటలో తోడ్పడెను. ఆ గీతమునకు ఆంగ్లానువాదమును కవి అచ్చటనే వ్రాసి ఇచ్చెను. కళాశాల దానిని నిత్యప్రార్థనగా స్వీకరించినది. నాడు రాయలసీమ విద్యార్థుల నోట మెదలిన ఆ గీతము 1950లో దేశమంతటికి జాతీయగీతమైనది. పిఠాపురపు వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణను విని ముగ్ధుడై రవీంద్రుడు వారిని శాంతినికేతనమునకు రప్పించుకొనెను. రాయప్రోలు సుబ్బారావుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ చెట్ల నీడను గడపి వచ్చినవారే.

బడి పెరిగి 1921లో విశ్వభారతి యైనది. అంతకు రెండేండ్ల ముందే, 1919లో, కళాభవనము వెలసినది. చిత్రలేఖనము నందలాల్ బోసుగారి పోషణలోను, హిందూస్థానీ సంగీతము భీమరావుశాస్త్రిగారి శిక్షణలోను వృద్ధిపొందినవి. ఇక మిగిలినది నాట్యము. అందే అసలు చిక్కు కలదు.

ఆ కాలమున నాట్యమన్నచో పెద్దమనుష్యులు మొగము త్రిప్పుకొనెడివారు. గృహస్థుల బిడ్డలు, అందును ఆడపిల్లలు, నాట్యమాడుట తలవంపులని భావించెడివారు. 1919 నవంబరులో సిల్హెట్ వెళ్ళిన రవీంద్రుడు మణిపురి స్త్రీపురుషులు భక్తితో ఆడు నృత్యమును చూచి పరవశుడాయెను. త్రిపుర మహారాజును కోరి బుద్ధిమంతసింహుడను నాట్యాచార్యుని పిలిపించెను. మొదట బాలురకు మృదంగపు దెబ్బకు అనుగుణముగ శరీరమును కదల్చు వ్యాయామముగా దానిని నేర్పించిరి. పేరు వ్యాయామమగుటచే ఎవ్వరును అడ్డుచెప్పలేదు. 1926లో నవకుమారసింహుడు వచ్చి బాలికలకు నేర్పసాగెను.

ఆ 1926లోనే కవి జన్మదినోత్సవమున నటీపూజ యను నాటకమును బాలికలు ప్రదర్శించిరి. కథ బుద్ధుని కాలము నాటిది. స్తూపమును పూజించుట రాజు నిషేధించును. శ్రీమతి యను రాజనర్తకిని అవమానించుటకై ఆ స్తూపము ముందే నాట్యమాడవలెనని ఆజ్ఞాపింతురు. ఆమె నాట్యమాడుచు నగలను ఒక్కటొక్కటిగా తీసివైచి, భిక్షుణీవస్త్రముతో నిలిచి, నాట్యమునే పూజగా సమర్పించి ప్రాణమర్పించును. ఆ పాత్రను నందలాల్ బోసుగారి కుమార్తె గౌరి ధరించెను. ఆమె నృత్యము చూచినవారి కన్నులు చెమర్చినవి.

ఆశ్రమమున ఆడినది సరియే; కలకత్తాలో ఆడుట యెట్లు? గృహస్థుల కన్యలను నగరమున రంగమెక్కించుట అపకీర్తికరమని జనులు నోరు చేసికొందురను భయము కలిగినది. నాటకమున అంతవఱకు మగపాత్ర లేదు. రవీంద్రుడు ఉపాలి యను బౌద్ధభిక్షువు పాత్రను క్రొత్తగా చేర్చి, ఆ వేషమున తానే రంగమున నిలిచెను. అఱువదియైదేండ్ల వృద్ధకవి, లోకవిఖ్యాతుడు, బిడ్డలతో పాటు నిలువగా వేలెత్తి చూపుట యెవరికి సాధ్యము? 1927 జనవరిలో జొరాసంకో భవనమున ఆ ప్రదర్శనము జరిగెను. నిందలు పూర్తిగా ఆగలేదు గాని దారి తెఱచుకొన్నది. తరువాతి కాలమున వంగదేశపు గృహస్థుల యిండ్లలో ఆడపిల్లలకు నాట్యము నేర్పించుట గౌరవమైన పనియైనది. పిల్లలను ముందునకు త్రోసి తాను చాటున నిలిచిన గురువు కాడు రవీంద్రుడు. నింద వచ్చినచో తొలుత తన మీద పడునట్లు చూచుకొనెను.

పల్లెలను ఆయన మఱవలేదు. 1922లో సురుల్ గ్రామమున లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ సాయముతో గ్రామపునర్నిర్మాణ కార్యము ప్రారంభించెను, అదియే శ్రీనికేతనము. పల్లెల వారికి పుస్తకములు అందించు సంచార గ్రంథాలయమును అచ్చటివారు నడపిరి. 1928లో వృక్షారోపణోత్సవము మొదలుపెట్టిరి. చిన్నమొక్కను పూలపల్లకిలో కూర్చుండబెట్టి, పంచభూతముల వేషములు ధరించిన బిడ్డలు వెంటరాగా, పాటలతో ఊరేగించి నాటిరి. ఏరువాక వంటి హలకర్షణోత్సవమును నాగలి పట్టి జరిపిరి. చెట్టు నాటుట, దుక్కి దున్నుట మున్నగు పనులకు పాట తోడైనచో పిల్లవాడు ఆ పనిని జీవితాంతము ప్రేమించునని ఆయన విశ్వాసము.

విద్యాలయము పెరిగినకొలది వ్యయమును పెరిగినది. 1936లో చిత్రాంగద నృత్యనాటకమును సిద్ధపఱచి, డెబ్బదియైదవ యేట, రోగపీడితమైన శరీరముతో, విద్యార్థి బృందమును వెంటబెట్టుకొని విరాళముల కొఱకు ఉత్తరదేశమంతయు తిరుగ బయలుదేరెను. ఢిల్లీలో మహాత్మాగాంధీ ఆయన యవస్థను చూచి కలతచెందెను. దాతలచేత 60,000 రూపాయలు ఇప్పించి, ఇక తిరుగవలదని ప్రార్థించి పంపెను. అయినను ఆయన ఊరక కూర్చుండలేదు. 1938లో చండాలికను నృత్యనాటకముగా మలచెను. దాహమునకు నీరడిగిన భిక్షువునకు, అంటరానిదని లోకమనెడి కన్య నీరొసగిన కథ అది. 1939లో శ్యామ ప్రదర్శింపబడినది.

ఆ 1939 చివర తపాలాకచేరి అను తన పాత నాటకమును మఱల ఆడింపదలచి, అభ్యాసములు ప్రారంభించెను. రోగియై గదిలో బందీయైన అమలుడను బాలుడు కిటికీ నుండి బాటసారులతో ముచ్చటించుచు, రాజు తనకు ఉత్తరము వ్రాయునని ఎదురుచూచుచు కన్నుమూయు కథ అది. అందులకై శాంతిసాగరమును గూర్చి యొక క్రొత్త పాట కట్టెను. ఆ ప్రదర్శనము జరుగలేదు. ఆ పాటను తన మరణానంతరము పాడవలెనని కవి చెప్పి యుంచెను. 1941 ఆగస్టు 7వ తేదీన జొరాసంకోలో, తాను పుట్టిన యింటనే, ఆయన కన్నుమూసెను. బిడ్డల నాటకమునకై పుట్టిన ఆ పాటనే శాంతినికేతనమున ఆయనకు తుదివీడ్కోలుగా పాడిరి.

ఆ నాటకము మఱునాటి యేడు దూరదేశమున నొక విచిత్రమైన పరీక్షకు నిలిచినది. పోలండు దేశపు వార్సా నగరమున, జర్మనులు గోడకట్టి బంధించిన యూదుల పేటలో, యానుష్ కోర్చాక్ అను వైద్యుడు అనాథశరణాలయము నడపుచుండెను. 1942 జూలైలో అతడు ఆ బిడ్డలచేత తపాలాకచేరిని ఆడించెను. మృత్యువును ప్రశాంతముగా ఎదుర్కొనుట వారికి తెలియవలెనని అతని తలంపు. మూడు వారములు గడచునంతలో పిల్లలను వధ్యస్థానమునకు కొనిపోయిరి. తాను తప్పించుకొనగల యవకాశమున్నను కోర్చాక్ వారిని విడువక వెంట నడచి, వారితోనే మరణించెను. బోల్పూరు బయలులో పుట్టిన నాటకము, చావు ముంగిట నిలిచిన పసిబిడ్డలకు ఒక సాయంకాలము తోడైనది. పాట యెందులకు, నాటకమెందులకు అను ప్రశ్నకు ఇంతకంటె గొప్ప సమాధానము దొరకుట కష్టము.

విశ్వభారతి 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది. ఈ గౌరవములన్నియు వచ్చుటకు పూర్వము అచ్చట ఉన్నవి ఐదుగురు పిల్లలు, కొన్ని చెట్లు, ఒక పాట మాత్రమే. అట్టి సంపద లేని పల్లె యేదియు లేదు. మన యూళ్ళలో హరికథ కలదు, కోలాటము కలదు, వీథినాటకము కలదు, ఏరువాక పాట కలదు, దంపుళ్ళ పాట కలదు. వానిని బిడ్డల చెవినిడుటకు పెద్ద మేడలు అక్కఱలేదు. వేపచెట్టు నీడయో, గ్రంథాలయపు అరుగో చాలును. పిల్లలతో కూర్చుండి పాడుటకు సిగ్గుపడని పెద్దవాడు ఒక్కడు ముందునకు వచ్చినచో, గురుదేవుడు పడిన శ్రమ ఆ యూరిలోను ఫలించినట్లే.